మూడు పేజీల దగ్గర రెండేళ్లుగా ఆగిపోయిన కథ. మీకూ ఇలా అయిందా?

కొలతలపుస్తకం:

నాకు ముప్పై ఎనిమిదేళ్లు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, ఉండేది కేపీహెచ్‌బీలో. ఇప్పటిదాకా తొమ్మిది కథలు అచ్చయ్యాయి. పదోది మా నాన్న గురించి. చిక్కడపల్లిలో ఆయనకి టైలర్ షాపు ఉండేది. ఒక్క మిషను, కటింగ్ బల్ల, గోడకి ఒక నిలువుటద్దం. జనం రెడీమేడ్‌కి అలవాటుపడ్డాక గిరాకీ తగ్గి మూసేశారు. ఆ కథ మొదలుపెట్టి రెండేళ్లయింది. మూడు పేజీలున్నాయి, నాలుగోది రావడం లేదు.

రోజూ ఐదున్నరకి లేస్తాను, రాద్దామనే. టీ పెట్టుకుని ఫైలు తెరుస్తాను. మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వచ్చి రెండు కామాలు మారుస్తాను. అంతలో ఇడ్లీ పిండి పులిసిందో లేదో చూడాలనిపిస్తుంది. వెళ్లి చూస్తే గిన్నె అంచున ఎండిపోయిన పిండి ఉంటుంది. దాన్ని గోటితో గీకుతాను. ఇక ఎలాగూ చేయి పెట్టాను కదా అని ఆ అరంతా ఖాళీ చేసి తుడుస్తాను. ఆరుంబావుకి పాప లేస్తుంది. ఆ రోజుకి అంతే.

ఈ రెండేళ్లలో ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కథలు ఎలా రాయాలో చెప్పే పుస్తకాలు ఆరు కొన్నాను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసి నోట్సు రాసుకున్నాను. ఒక కథల పోటీ గడువు రెండేళ్లూ నా కళ్ల ముందే దాటిపోయింది.

మా ఆయన "అంత కష్టమైతే మానెయ్ రాదూ" అంటారు. ఇష్టం లేకపోతే ఐదున్నరకి ఎందుకు లేస్తాను? ఆఫీసులో ఇరవయ్యో తారీఖు జీఎస్టీ రిటర్న్ నేను ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. మా నాన్న దసరా ముందు రాత్రి రెండింటిదాకా కాజాలు కుట్టి మరీ, చెప్పిన రోజుకి బట్టలిచ్చేవారు. ఆయన గురించిన కథనే నేనిలా వాయిదా వేస్తున్నానంటే చాలా బాధగా ఉంది. రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, పాడేవాళ్లు ఎవరైనా చెప్పండి. ఇది ఎందుకవుతుంది?

రాత్రిడెస్కు:

పేపర్లో సబ్ ఎడిటర్‌ని. రాత్రి పేజీ వెళ్లే టైముకి ఎంత పెద్ద వార్తయినా రాసిచ్చేస్తాను. నా నవల మాత్రం నాలుగేళ్లుగా అలాగే ఉంది. వార్త బాగా రాకపోతే అది వార్తే, రేపు ఇంకోటి వస్తుంది. నవల బాగా రాకపోతే నేనే బాగా లేనట్టు అనిపిస్తుంది. మీ జీఎస్టీకీ కథకీ తేడా అదేనేమో చూడండి.

ముషీరాబాద్_కుంచె:

అమ్మా, నాకు అరవై మూడు. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివాను, చాలా ఏళ్లు పుస్తకాలకి ముఖచిత్రాలు వేశాను. మీరు రాసింది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను, ఎందుకంటే ఆ గిన్నె గీకిన మనిషిని నేనే. నా విషయంలో గిన్నె బదులు పెన్సిళ్లు. ఆరు పెన్సిళ్లు బ్లేడుతో చెక్కి, మొనలు ఉప్పు కాగితం మీద రుద్ది, వరసగా పేర్చేవాణ్ణి. చెక్కడం అయ్యేసరికి వెలుతురు పోయేది.

ఇరవై ఏళ్లపాటు దాన్ని బద్ధకం అనుకున్నాను. బద్ధకస్తుడు హాయిగా పడుకుంటాడమ్మా. మనం పడుకోం. పక్కనే ఇంకో పని వెతుక్కుని ఒళ్లు హూనం చేసుకుంటాం, మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. దాన్ని బద్ధకం అంటే ఎలా?

ఒక ముఖచిత్రం మరీ ఆలస్యమై పబ్లిషర్ దగ్గర మాట పడ్డాక, సగంలో ఆగిన బొమ్మలన్నీ అటక మీంచి దించి నేల మీద పరిచాను. పదిహేనో పదహారో ఉన్నాయి. అన్నీ ఒకే చోట ఆగాయి. గీత పూర్తయింది, రంగు పడలేదు. గీత నాకు బాగా వచ్చు. రంగు వేస్తే ఆ మంచి గీత పాడైపోతుందేమోనని భయం. నేను బొమ్మ నుంచి కాదు, ఆ మొదటి రంగు చుక్క నుంచి పారిపోతున్నాను. అది తెలిశాక ఒకటే అలవాటు చేసుకున్నాను. ముఖం జోలికి పోకుండా కింద మూలలో, ఎవరూ చూడని చోట, ముందు ఇంత రంగు పూసేస్తాను. మచ్చ పడ్డాక భయం సగం పోతుంది.

ధూల్‌పేటలో వినాయక చవితికి ముందు స్కెచ్‌లు వేసుకోవడానికి వెళ్లేవాణ్ణి. అక్కడ కళ్లు చివర్లో వేస్తారు. ఒకాయన నిలబడి వరసలో ఉన్న విగ్రహాలకి ఒకదాని తర్వాత ఒకటి కళ్లు దిద్దుకుంటూ పోయేవాడు, ఊపిరి బిగబట్టి ఒక్క గీత, మళ్లీ పక్కదానికి. చవితి ఆయన కోసం ఆగదు, అదొకటి. వరసలో ఇంకా నలభై ఉన్నాయి కాబట్టి ఏ ఒక్క కన్నూ ఆయన చేతిని బరువెక్కించదు, అది రెండోది. మీ పదో కథ మీద మాత్రం మీ నాన్నగారు మొత్తంగా కూర్చున్నారు. అంత బరువుతో ఏ చెయ్యి కదులుతుంది?

అందుకని ఇంకో పుస్తకం కొనకండి, లైబ్రరీకీ వెళ్లకండి. మూడో పేజీ చివరి వాక్యం తర్వాత ఏం జరగాలో చూడండి. మీ చెయ్యి ఆగిన చోట ఏదో ఉంది. తెలియని వివరం వస్తే ఒక గీత పెట్టి ముందుకు నడవండి, ఆగి వెతక్కండి.

సైకాలజీ_పీజీ:

కుంచె గారు చెప్పిందే పరిశోధకులూ చెప్తున్నారు. ఫ్యూషా సిరోయ్, టిమోతీ పిచిల్ 2013లో రాసిన వ్యాసంలో వాయిదా వేయడాన్ని టైమ్ మేనేజ్‌మెంట్ సమస్యగా కాక, ఆ క్షణంలో మనసుకి కలిగే ఇబ్బందిని తప్పించుకునే పనిగా చూశారు. గిన్నె కడిగితే వెంటనే హాయిగా ఉంటుంది, అందుకే మర్నాడూ అటే పోతాం.

ఇంకొకటి మీకు బాగా పనికొస్తుందని చెప్తున్నాను. పిచిల్, మరో ఇద్దరు కలిసి 2010లో 119 మంది ఫస్టియర్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. మొదటి పరీక్షకి చదవడం వాయిదా వేసినందుకు తమని తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. నాన్నగారితో పోల్చుకుని బాధపడటం మీకు సాయం చేయదు, ఇంకా వెనక్కి లాగుతుంది.

కథ ఒక్కటే కాదు, తిండి, నిద్ర, ఆఫీసు అన్నీ ఇలాగే ఆగిపోతుంటే మాత్రం డాక్టర్‌ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ పోస్టు చూస్తే అలా అనిపించలేదు, చదివే వేరేవాళ్ల కోసం చెప్తున్నాను.

తార్నాక_వీణ:

ఒక్క మాట ఒప్పుకోను. ఆగిన ప్రతిదీ పారిపోవడం కాదు. లియొనార్డో డావిన్చీ ఒక చాపెల్ (చర్చిలోని చిన్న ప్రార్థన మందిరం) కోసం 1483లో ఒప్పుకున్న చిత్రం వ్యవహారం 1508 దాకా తేలలేదు. అందులో డబ్బు తగాదా ఉంది, ఆయన నిదానమూ ఉంది. నేను ఒక రాగాన్ని ఏడాది పక్కన పెట్టి మళ్లీ తీస్తే, వేళ్లు వాటంతటవే దారి కనుక్కున్న రోజులున్నాయి. తేడా నాకు ఇలా తెలుస్తుంది: నానుతున్న రాగం బస్సులో కూడా నోట్లో ఆడుతుంది. భయపడుతున్న రాగం గుర్తొస్తే పొట్టలో తిప్పుతుంది.

కొలతలపుస్తకం:

అందరికీ దండాలు. వారం తర్వాత రాస్తున్నాను.

వీణ గారూ, నాది పొట్టలో తిప్పేదే. కుంచె గారు చెప్పినట్టు మూడో పేజీ చివరి వాక్యం చూశాను. "ఆ మంగళవారం మిషను కొనేవాడు వచ్చాడు." రెండేళ్లుగా ఈ వాక్యం చదివి లేచిపోతున్నాను. ఇన్నాళ్లూ దాని ముందున్న కామాలే దిద్దుకుంటున్నాను.

ఆ మంగళవారం నేను అక్కడ లేను. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మిషను ఆటో ట్రాలీలో ఎక్కిస్తుంటే క్లాసు పిల్లలు ఎవరైనా చూస్తారని సిగ్గేసి, లేని ట్యూషన్ ఉందని చెప్పి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచి వెళ్లి, చీకటి పడ్డాక ఇంటికొచ్చాను. నాన్న ఏమీ అడగలేదు. బల్ల కింద బాబిన్లు ఏరుతున్నారు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మొన్న రాత్రి మా ఆయనకి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "పొద్దున పాపని నేను చూసుకుంటా" అన్నారు.

కంప్యూటర్ వదిలేసి, నాన్న కొలతల పుస్తకంలో వెనక మిగిలిన ఖాళీ పేజీల్లో పెన్సిల్‌తో రాశాను. ముందుపేజీల్లో ఆయన రాత ఉంది: ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు, పక్కన ఇవ్వాల్సిన తారీఖు. కథలో ఇప్పటిదాకా కూతురు షాపు గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. ఆమెని అక్కణ్ణించి తీసేశాను. క్రాస్‌రోడ్స్‌లో సినిమా హాలు ముందు పోస్టర్లు చూస్తూ నిలబెట్టాను. ఐదు రోజుల్లో రెండు పేజీలయ్యాయి. వాక్యాలు ముతగ్గా ఉన్నాయి, పోటీకి పంపుతానో లేదో ఇప్పుడే చెప్పలేను.

మిషను ఎంతకి పోయిందో నాకు తెలీదు. అక్కడ ఒక గీత పెట్టి ముందుకి వెళ్లాను.