శంకువు, అర్ధగోళం, స్థూపం: 1:2:3 ఎందుకు?

ప్రశ్న:
మా అమ్మాయి పదో తరగతి. క్షేత్రమితి సూత్రాలన్నీ నోటికి వచ్చు. వ్యాసార్థం, ఎత్తు సమానంగా ఉంటే శంకువు, అర్ధగోళం, స్థూపం ఘనపరిమాణాలు 1:2:3 నిష్పత్తిలో ఉంటాయని లెక్క చేసేసి, "సూత్రంలో వేస్తే వస్తోంది సరే, అసలు అలాగే ఎందుకు ఉండాలి నాన్నా?" అని పట్టుకుంది. శంకువుతో మూడుసార్లు నీళ్లు పోస్తే స్థూపం నిండుతుందని స్కూల్లో చూపించారట, కానీ అది కారణం కాదు కదా. ఇంటెగ్రేషన్ లేకుండా చెప్పే దారి ఉందా?

జవాబు:
ఉందండీ, చాలా అందమైన దారి. వ్యాసార్థం 10 సెం.మీ. అనుకుని అర్ధగోళాన్ని బల్ల మీద బోర్లించండి. పక్కన అంతే ఎత్తు, అంతే వ్యాసార్థం ఉన్న స్థూపం పెట్టి, అందులోంచి మొన కిందికి ఉన్న శంకువుని తొలిచి తీసేశామనుకోండి. ఇప్పుడు రెండిటినీ 6 సెం.మీ. ఎత్తులో అడ్డంగా కోస్తే, అర్ధగోళంలో వచ్చే వృత్తం వ్యాసార్థం 8 (పైథాగరస్, 6-8-10), అంటే వైశాల్యం 64π. అటువైపు కంకణం వస్తుంది: మొత్తం 100π, మధ్యలో ఖాళీ 36π, మిగిలింది 64π! ఏ ఎత్తులో కోసినా ఇంతే. కాబట్టి అర్ధగోళం అంటే స్థూపంలోంచి శంకువు తీసేయగా మిగిలినంత, 3లోంచి 1 పోతే 2.

అడిగినవారు:
8 ఎత్తులో తనే వేసి చూసుకుంది, రెండువైపులా 36π. మరి శంకువు మూడో వంతు ఎందుకు అని ఇప్పుడు కొత్త ప్రశ్న.

జవాబు:
దానికి అట్టముక్కలు తీసుకోండి. సమఘనంలో ఒక మూల ఎంచుకుంటే దాన్ని తాకని ముఖాలు మూడే. ఒక్కో ముఖాన్నీ ఆ మూలకు కలిపితే అచ్చంగా ఒకేలా ఉండే మూడు పిరమిడ్లు వస్తాయి, కాబట్టి ఒక్కోటి మూడో వంతు. అదే భూవైశాల్యం, అదే ఎత్తు ఉన్న శంకువుని పక్కన పెట్టి కోస్తే ప్రతి ఎత్తులోనూ కోతల వైశాల్యాలు సమానం, పైకి వెళ్లేకొద్దీ రెండూ ఒకే లెక్కన తగ్గుతాయి మరి.

ఇంకో జవాబు:
పాపకి ఇది కూడా చెప్పండి. 499 నాటి ఆర్యభటీయంలో గోళం ఘనపరిమాణానికి వృత్త వైశాల్యాన్ని దాని వర్గమూలంతో గుణించమని ఉంది. వ్యాసార్థం 1 అయితే 5.57 వస్తుంది, అసలు విలువ 4.19. అంత పెద్ద గణితవేత్తకీ అందని విషయమిది, కాబట్టి ఎందుకు అని అడగడం చాలా మంచి పని. 1150లో భాస్కరాచార్యుడి లీలావతిలో సరైన పద్ధతి ఉంది: ఉపరితల వైశాల్యాన్ని వ్యాసంతో గుణించి 6తో భాగించాలి. అందులో 6 ఎక్కడిదో పైన చెప్పిన పిరమిడ్లతోనే రాబట్టొచ్చు, మొనలన్నీ గోళం కేంద్రంలో కలిసేలా ఊహించుకుంటే చాలు.