పది మందిలో ఒక్కరే యూనియన్ సభ్యులు, మరి ఫ్రాన్స్‌లో రైళ్లు ఆపే హక్కు వాళ్లకెక్కడిది?

సేన్‌గట్టు:
ఫ్రాన్స్‌లో ఉంటున్నవాళ్లు, ఉండి వెళ్లినవాళ్లు చెప్పండి. ఈ సంగతి నాకు మూడేళ్లుగా మింగుడుపడటం లేదు.

2023 మార్చి 7. రిటైర్మెంట్ వయసు 62 నుంచి 64కి పెంచుతున్నారని దేశమంతా సమ్మె. నేనప్పుడు పారిస్‌లో ఎంఎస్ చదువుతూ ఒక హోటల్ వంటింట్లో పార్ట్‌టైమ్ చేసేవాణ్ణి. ఉండేది శివార్లలో. ఆ పొద్దున స్టేషన్‌కి వెళ్తే బోర్డు నిండా రద్దు, రద్దు, రద్దు. నలభై నిమిషాల తర్వాత ఒక రైలు వచ్చింది, కాలు పెట్టే చోటు లేదు. పనికి చేరేసరికి గంటన్నర ఆలస్యం. ఆ గంటన్నర డబ్బు కోసేశారు.

నా సంగతి వదిలేయండి. ప్లాట్‌ఫాం మీద నా పక్కన ఒకావిడ ఉంది. ఆఫీసులు తెరవకముందే వెళ్లి ఊడ్చి తుడిచే పని. ఫోన్‌లో సూపర్‌వైజర్‌ని బతిమాలుతోంది. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పనిలో వేసుకునే చెప్పులు. "వస్తున్నాను, నడిచైనా వస్తాను" అని మళ్లీ మళ్లీ అంటోంది.

ఈ దేశంలో ఉద్యోగుల్లో యూనియన్ సభ్యులు సుమారు 10 శాతం. ప్రైవేటు రంగంలో 8 కూడా లేదు. ఆ ఒక్కరు మిగతా తొమ్మిది మందినీ రోడ్డున నిలబెట్టడం న్యాయమా? నేను యూనియన్లకు వ్యతిరేకిని కాను. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా.

మాగాణి:
మీరడిగింది న్యాయమే. నేను జర్మనీలో ఉంటాను. ఇక్కడ యూనియన్, యజమాని కుదుర్చుకున్న ఒప్పందం అమల్లో ఉన్నంతకాలం, అందులో రాసుకున్న విషయాల మీద సమ్మె చేయకూడదు. ప్రభుత్వ విధానం నచ్చలేదని సమ్మె కట్టడం అసలే కుదరదు. ముందు మాట్లాడుకుంటారు, తెగకపోతేనే సమ్మె. ఫ్రాన్స్‌లో అంతా తలకిందులు, ముందు సమ్మె, తర్వాత మాటలు.

పోనీ అంత చేసి ఏం సాధించారు? 2023లో జనవరి నుంచి జూన్ దాకా 14 సార్లు దేశవ్యాప్తంగా వీధుల్లోకి వచ్చారు. పారిస్‌లో చాలాచోట్ల మూడు వారాలకు పైగా చెత్త ఎత్తలేదు, దాదాపు 10,000 టన్నులు వీధుల్లో పేరుకుపోయింది. చివరికి మార్చి 16న ప్రభుత్వం రాజ్యాంగంలోని 49.3 అధికరణ వాడి, దిగువ సభలో ఓటింగ్ లేకుండానే బిల్లు గట్టెక్కించింది. చట్టాలు రాజ్యాంగానికి సరిపోతాయో లేదో తేల్చే రాజ్యాంగ మండలి ఏప్రిల్ 14న చాలా భాగానికి సరే అంది. నష్టపోయింది మీ పక్కన నిలబడ్డావిడే.

చలిమంట:
తమ్ముడూ, నేను లియాన్‌లో ఉంటాను. ప్రభుత్వ బడిలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల పక్కన కూర్చునే సహాయకురాలిని. ఆ 14 రోజుల్లో ఐదు రోజులు సమ్మెలో ఉన్నాను. నాకు ఏ యూనియన్ సభ్యత్వమూ లేదు.

మీ ప్రశ్నలో చిన్న పొరపాటు అక్కడే ఉంది. ఫ్రాన్స్‌లో సమ్మె హక్కు యూనియన్‌ది కాదు, పనిచేసే మనిషిది. 1946 రాజ్యాంగ పీఠికలోనే రాసుకున్నారు. ప్రైవేటు కంపెనీలో యూనియనే లేకపోయినా ఇద్దరు కలిసి కోరికలు యజమాని ముందు పెట్టి పని ఆపొచ్చు. ప్రభుత్వ సర్వీసుల్లో మాత్రం యూనియన్ ఐదు రోజుల ముందు నోటీసివ్వాలి. అంటే ఆ నోటీసు తలుపు తీస్తుంది, లోపలికి వెళ్లాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. మార్చి 7న వీధుల్లో ఉన్నది ప్రభుత్వ లెక్కలోనే 12.8 లక్షల మంది. సీజీటీ యూనియన్ అయితే 35 లక్షలంది. ఏ లెక్క తీసుకున్నా అందులో చాలామంది నాలాంటివాళ్లే.

ఇక డబ్బు సంగతి. మాకు గంటసేపు పని ఆపినా నెల జీతంలో 30వ వంతు పోతుంది. గంటకు గంట కాదు, రోజంతా కోతే. ఐదు రోజులంటే ఆరో వంతు. ఏప్రిల్ నెల పే స్లిప్ ఇప్పటికీ నా దగ్గరుంది, మడతలు పడి. అందులో కోత అని ఒక వరస, దాని ఎదురుగా మైనస్ గుర్తు. ఆ నెల మా అమ్మాయి స్విమ్మింగ్ క్లాసు మాన్పించాను. సరదాకి ఎవరూ సమ్మె చేయరమ్మా.

ఎందుకు చేశానో కూడా చెప్తా. మా బడి వంటశాలలో పెద్దపెద్ద గిన్నెలు ఎత్తే ఆవిడకు అప్పటికి 58. మోకాళ్లకు పట్టీలు కట్టుకుని వచ్చేది. ఇంకో రెండేళ్లు అదనం అని టీవీలో చెప్పిన మర్నాడు ఆవిడ ఏమీ మాట్లాడలేదు, గిన్నెలు తోమి వెళ్లిపోయింది. జనవరి 19న మొదటి ఊరేగింపులో ఊరి నడిబొడ్డున ఉన్న బెల్కూర్ కూడలి దాకా ఆవిడ చెయ్యి పట్టుకునే నడిచాను. చుట్టూ యూనియన్ల బెలూన్లు, వ్యాన్ల మీద మైకులు, పక్కన మెర్గేజ్ సాసేజ్‌లు కాలుస్తున్న పొగ. ఆవిడ మధ్యమధ్యలో ఆగుతూ నడిచింది, కానీ చివరిదాకా నడిచింది. మాగాణి గారూ, చెత్త పేరుకుపోయిందన్నారు కదా, ఆ చెత్త ఎత్తేవాళ్ల రిటైర్మెంట్ 57 నుంచి 59కి వెళ్తోందని కూడా చెప్పాలి.

తెల్లకాగితం:
నేను ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగుల కమిటీకి ఎన్నికైన సభ్యుణ్ణి. ఆ 10 శాతం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే.

ఇక్కడ యూనియన్లు కుదిర్చిన ఒప్పందం చందా కట్టినవాడికీ, కట్టనివాడికీ ఒకేలా వర్తిస్తుంది. ఒక రంగంలో కుదిరిన ఒప్పందాన్ని కార్మిక శాఖ ఆ రంగం మొత్తానికీ విస్తరించగలదు. అందుకే సభ్యులు పదో వంతే ఉన్నా, ఒప్పందాల నీడలో ఉన్న ఉద్యోగులు 90 శాతానికి పైనే. మాగాణి గారు మెచ్చుకున్న జర్మనీలో అది దాదాపు సగమే. చందా కట్టకపోయినా ఫలం దక్కుతున్నప్పుడు ఎంతమంది కడతారు? కట్టేవాళ్లు బాధ్యత అనుకుని కడుతున్నారు.

యూనియన్ బలం తేలేది చందాతో కాదు, ఓట్లతో. 2008 చట్టం తర్వాత కంపెనీ ఎన్నికల్లో 10 శాతం ఓట్లు రాకపోతే ఆ యూనియన్‌కు చర్చల బల్ల దగ్గర కుర్చీ ఉండదు. సభ్యులు కాకపోయినా అందరూ ఓటేయొచ్చు. అయితే ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. మరీ చిన్న కంపెనీల ఉద్యోగులకు విడిగా జరిగే ఓటింగ్‌నూ కలిపి చూస్తే, దేశం మొత్తం మీద పోలింగ్ 40 శాతం కూడా దాటడం లేదు. మా కంపెనీలో నేను గెలిచినప్పుడు ఎందరు ఓటేశారో చూస్తే నాకే బాధేసింది.

ముందు సమ్మె, తర్వాత మాటలు అన్నది చాలావరకు నిజం. దానికి కారణం యూనియన్లు బలంగా ఉండటం కాదు, బలహీనంగా ఉండటం. లక్షల సభ్యులు, నిండు ఖజానా ఉన్న యూనియన్ బెదిరిస్తే చాలు, యజమాని కూర్చుంటాడు. ఇక్కడ జనం ఎంతమంది వెనకున్నారో వీధిలోకి వస్తే గాని ఎదుటివాడు నమ్మడు. 1995 నవంబర్, డిసెంబర్‌లలో మూడు వారాలు రైళ్లు ఆగితేనే రైల్వేవాళ్ల పెన్షన్ల మీద ప్రధాని జుప్పే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2006లో, కొత్తగా చేరిన యువతను కారణం చెప్పకుండా తీసేయనిచ్చే ఉద్యోగ ఒప్పందం చట్టమయ్యాక కూడా రద్దయింది. పెన్షన్ల మీదే 2010లో, 2023లో ఓడారు. అయినా 2023 సంగతి అక్కడితో ఆగలేదు. 2025 అక్టోబర్‌లో ప్రధాని లెకోర్ను ఆ 64 ఏళ్ల సంస్కరణనే అధ్యక్ష ఎన్నికల దాకా నిలిపేస్తామని పార్లమెంటులో చెప్పాల్సి వచ్చింది.

గోదావరిపాయ:
మాది యానాం. మన వైపుకీ ఈ కథతో సంబంధం ఉంది కాబట్టి రాస్తున్నా. 1936 జూన్‌లో ఫ్రాన్స్‌లో వేల ఫ్యాక్టరీలను కార్మికులు ఆక్రమించుకుంటే యజమానులకూ యూనియన్లకూ మధ్య మాతిన్యోన్ ఒప్పందం వచ్చింది, వెంటనే వారానికి 40 గంటల పని, రెండు వారాల జీతంతో సెలవు చట్టాలయ్యాయి. రెండు నెలలు తిరక్కుండానే, జూలై 30న, అదే ఫ్రెంచి పాలన కింద ఉన్న పుదుచ్చేరిలో సవానా మిల్లు కార్మికుల మీద కాల్పులు జరిపి 12 మందిని చంపారు. వాళ్లు అడిగిందీ పని గంటలు తగ్గించమనే. మరుసటి ఏడు ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. పారిస్‌లో ఒప్పందంతో వచ్చింది, ఇక్కడ ప్రాణాలతో వచ్చింది. సమ్మె భారమా అని ఎవరన్నా అడిగితే నాకు ముందు ఆ 12 మందే గుర్తొస్తారు.

సేన్‌గట్టు:
అందరికీ థ్యాంక్స్. హక్కు మనిషిది, యూనియన్‌ది కాదన్నది నాకు నిజంగా తెలియదు. అక్కా, మీ పే స్లిప్ సంగతి చదివాక నా గంటన్నర గురించి రాయడానికి సిగ్గేసింది.

కానీ ప్లాట్‌ఫాం మీదావిడ దగ్గర నేను ఇంకా ఆగిపోయే ఉన్నాను. డ్రైవర్ సమ్మె చేస్తే ఊరు ఆగుతుంది, ఆవిడ సమ్మె చేస్తే ఎవరికి తెలుస్తుంది? 2019 డిసెంబర్ సమ్మె తర్వాత పారిస్ ప్రయాణికులకు ఆ నెల పాస్ డబ్బు తిరిగిచ్చారట. బాగుంది. పోయిన కూలి ఎవరిచ్చారు?

చలిమంట:
ఆవిడలాంటివాళ్ల సమ్మె కూడా తెలుస్తుంది తమ్ముడూ, కాకపోతే చాలా ఆలస్యంగా. పారిస్ బాతిన్యోల్‌లో ఇబిస్ హోటల్ గదులు శుభ్రం చేసే ఇరవై మంది దాకా, ఎక్కువమంది ఆఫ్రికా నుంచి వచ్చిన ఆడవాళ్లు, 2019 జూలైలో పోరాటం మొదలుపెట్టారు. పనిచేసేది హోటల్లో, జీతమిచ్చేది కాంట్రాక్టు కంపెనీ. 22 నెలలు పట్టింది. సీజీటీ హోటల్ విభాగం, విరాళాల పెట్టె లేకపోతే వాళ్లు అన్నాళ్లు నిలబడేవాళ్లు కాదు. 2021 మేలో గెలిచారు, పని భారం తగ్గింది, రోజుకు 7.30 యూరోల భోజన భత్యం వచ్చింది. వాళ్లలో ముందు నిలిచిన రాషెల్ కెకె మరుసటి ఏడు పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

అయినా మీ ప్రశ్న తప్పు కాదు. విరాళాల పెట్టె సమ్మె చేసినవాళ్లకే, ఇంకొకరి సమ్మెలో కూలి పోయినవాళ్లకు కాదు. గురువారం మా బడి దగ్గర యూనియన్ మీటింగుంది, సభ్యత్వం లేకపోయినా రానిస్తారు. ఈ మాట అక్కడ అడుగుతాను. మీరు మాత్రం ఇంకోసారి రైలు ఆగితే ముందే పనికి మెసేజ్ పెట్టండి, ఆలస్యమైందని రైలు సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ తీసుకోండి. ఆ గంట డబ్బు కోయొచ్చు గాని, చెప్పి ఆలస్యంగా వచ్చారని శిక్ష వేయడం మామూలుగా కుదరదు. ఆవిడ మళ్లీ కనిపిస్తే ఆ సంగతి ఆవిడకూ చెప్పండి.