యూపీఎస్ బ్యాటరీ పోయిందా, యూపీఎస్సే పోయిందా?

ప్రశ్న: మా పీసీ యూపీఎస్ కొని నాలుగేళ్లయింది, ఇదివరకు కరెంట్ పోతే పదిహేను నిమిషాలు లాగేది, ఇప్పుడు ఒక్క బీప్ కొట్టి టప్పున ఆగిపోతోంది, ఫైల్ సేవ్ చేసుకునే టైం కూడా ఇవ్వట్లేదు. మల్టీమీటర్ పెడితేనేమో 12.7 వోల్టులు చూపిస్తోంది, మరి బ్యాటరీ బానే ఉన్నట్టా?

జవాబు: లోడ్ లేకుండా, అంటే బ్యాటరీ మీద ఏదీ నడవనప్పుడు చూస్తే, ముసలి బ్యాటరీ కూడా అలాగే చూపిస్తుందండి. లోడ్ మీద చూడండి, దబ్బున 10 వోల్టులకి పడిపోతే దాని పని అయిపోయినట్టే. ఈ సీల్డ్ లెడ్ యాసిడ్‌వి మామూలుగా 3 నుంచి 5 ఏళ్లే వస్తాయి, మీది బానే వచ్చింది.

జవాబు: చిన్న యూపీఎస్‌లలో ఎక్కువగా 12 వోల్ట్ 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ కెపాసిటీ) ది ఉంటుంది, అయినా పాతదాని మీద ఏం రాసుందో చూసే కొనండి. టెర్మినల్ (వైర్ క్లిప్పు తగిలించే రేకు) వెడల్పు కూడా!! నేను చూసుకోకుండా 4.8 మిల్లీమీటర్లది తెచ్చా, నా క్లిప్పులు 6.3వి, లూజుగా ఊగుతుంటే మళ్లీ తిరిగిచ్చి రావాల్సొచ్చింది. ప్లగ్ పీకాకే విప్పండి, వైర్లు తీసేముందు ఫోటో తీసుకోండి, ఎర్రది ప్లస్‌కి.

ప్రశ్న అడిగినవారు: విప్పా, పక్కలు ఉబ్బి లోపల ఇరుక్కుపోయింది, స్క్రూడ్రైవర్‌తో లేపనా?

జవాబు: వద్దు బాబోయ్, పగిలితే యాసిడ్. కింది స్క్రూలు కూడా తీసి యూపీఎస్ డబ్బా తెరిచి మెల్లగా జరపండి. పాతది చెత్తలో పడేయకండి, సీసం కదా, రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి.