పీఎస్2 (ప్లేస్టేషన్ 2) కార్ రేస్ ఆట గ్రాన్ టురిస్మో 4 పీసీలో నత్తనడక నడుస్తోంది, యాక్సిలరేటర్ కూడా అదుపులో లేదు

ప్రశ్న:
అన్నలూ, నా పాత డిస్క్ నుంచి ఐఎస్ఓ (డిస్క్ నకలు ఫైల్) తీసి, పీఎస్2 ఆటల్ని పీసీలో నడిపే ఎమ్యులేటర్ పీసీఎస్‌ఎక్స్2లో ఆడుతున్నా. బయోస్ (కన్సోల్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) కూడా నా కన్సోల్‌దే. మెనూలు బాగానే ఉన్నాయి. రేస్ మొదలై ఆరు కార్లూ ఒకేసారి కనపడితే చాలు, స్పీడ్ 75 శాతానికి పడిపోయి ఇంజిన్ మోత సాగుతోంది. ఏదో వీడియోలో చెప్పారని ఈఈ సైకిల్ రేట్ 180 శాతం పెట్టా. ఇంటర్నల్ రిజల్యూషన్ (ఆట బొమ్మ గీసే సైజు) అసలుకి ఆరు రెట్లు, అంటే 6ఎక్స్. ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉంది. ఇంకోటి, ప్యాడ్‌లో యాక్సిలరేటర్‌గా పనిచేసే క్రాస్ బటన్ తాకితే చాలు కారు ఒక్కసారిగా దూకి, మలుపుల్లో వెనక చక్రాలు జారిపోతున్నాయి.

జవాబు:
ముందు ఆ 180ని 100కి దించండి. ఈఈ అంటే పీఎస్2 ప్రాసెసర్, ఎమోషన్ ఇంజిన్. దాని అసలు వేగం సుమారు 295 మెగాహెర్ట్జ్. సైకిల్ రేట్ పెంచితే ఆ ఉత్తుత్తి చిప్‌ని ఓవర్‌క్లాక్ చేసినట్టు, ఆ బరువంతా మోసేది మీ సీపీయూ. స్పీడ్ 100 శాతం చూపిస్తూనే ఆట తడబడుతుంటే అది పనికొస్తుంది. మీకు స్పీడే పడిపోతోంది కాబట్టి ఇంకా చెడుతుంది. ఆ వీడియోల వాళ్ళు ఈ తేడా చెప్పరు.

తర్వాత ఆన్‌స్క్రీన్ డిస్‌ప్లేలో స్పీడ్, సీపీయూ, జీపీయూ వాడకం ఆన్ చేసి రేస్ స్టార్ట్ దగ్గర చూడండి. ఈఈ 100 దగ్గరుంటే రిజల్యూషన్ ఎంత తగ్గించినా లాభం లేదు. జీపీయూ 100 దగ్గరుంటే రిజల్యూషనే దోషి. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ఈఈ అరవై చిల్లర, జీపీయూ 98. కానీ టాస్క్ మేనేజర్‌లో చూస్తే పెద్ద కార్డ్ ఖాళీగా కూర్చుంది!

జవాబు:
దొరికాడు దొంగ. ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్ మీదే నడుస్తోంది. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో అడాప్టర్ దగ్గర మీ కార్డ్ పేరు ఎంచుకోండి. చార్జర్ పెట్టే ఆడండి. 1080పీ స్క్రీన్‌కి 3ఎక్స్ సరిపోతుంది, 6ఎక్స్‌తో అంచులు ఇంకాస్త నునుపవుతాయంతే.

ఇంకొకరు:
యాక్సిలరేటర్ సంగతి నేను చెప్తా. పీఎస్2తో వచ్చిన ప్యాడ్ డ్యూయల్‌షాక్ 2లో బటన్‌ని ఎంత గట్టిగా నొక్కామో కూడా ఆటకి తెలిసేది. క్రాస్ మెల్లగా నొక్కితే సగం గ్యాసే. ఇప్పటి ప్యాడ్ల బటన్లకి ఆ గుణం లేదు, నొక్కితే పూర్తిగా, వదిలితే సున్నా. ట్రిగ్గర్లకి మాత్రం ఉంది. అందుకని కంట్రోలర్ సెట్టింగుల్లో క్రాస్‌కి కుడి ట్రిగ్గర్, బ్రేక్ అయిన స్క్వేర్‌కి ఎడమ ట్రిగ్గర్ బైండ్ చేయండి (అంటే జతచేయండి). ఇప్పటిదాకా ఆ ట్రిగ్గర్ల మీదున్న పీఎస్2 బటన్లు ఆర్2, ఎల్2లను వేరే బటన్లకి మార్చండి, లేకపోతే ఒక్క లాగుడికి రెండు పనులు జరుగుతాయి. మెనూలో ఓకే కొట్టడానికీ ట్రిగ్గర్ లాగడం విసుగనిపిస్తే, షిఫ్ట్ పట్టుకుని క్రాస్ మీద క్లిక్ చేసి మామూలు బటన్‌ని కూడా జోడించండి.

స్టీరింగ్ వీల్ ఉంటే అసలీ గొడవే లేదు. యూఎస్‌బీ పోర్ట్ సెట్టింగుల్లో వీల్ పెట్టి, రకం దగ్గర డ్రైవింగ్ ఫోర్స్ ప్రో అనే వీల్ మోడల్ ఎంచుకుంటే ఆట దాన్ని గుర్తుపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కార్డ్ మార్చగానే స్పీడ్ 100 పట్టుకుంది బ్రో, ట్రిగ్గర్‌తో మలుపులు కూడా లొంగుతున్నాయి. ఫ్రేములు మాత్రం 50 దాటట్లేదేంటి?

జవాబు:
మీది పాల్ (యూరప్ వైపు వాడిన 50 హెర్ట్జ్ టీవీ పద్ధతి) డిస్క్ అయ్యుంటుంది. 50 హెర్ట్జ్‌కి 50 ఫ్రేములే పూర్తి వేగం, దాన్ని కదపకండి. కెరీర్‌ని మాత్రం ఆటలోని మెమరీ కార్డ్‌లోనే సేవ్ చేసుకోండి. ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ వేసుకుంటే పాత సేవ్ స్టేట్‌లు (ఎమ్యులేటర్ సొంతంగా దాచే సేవ్‌లు) తెరుచుకోకపోవచ్చు.