తొమ్మిదో గ్రేడ్ అమ్మాయి జీఎస్‌ఏ క్లబ్బుకి వెళ్తోంది, సలహా కావాలి (అంటారియో)

కొత్తగా_బ్రాంప్టన్: అందరికీ నమస్కారం. కూకట్‌పల్లి నుంచి జనవరిలో వచ్చాం. వారానికోసారి లంచ్ టైంలో జీఎస్‌ఏ (గే-స్ట్రెయిట్ అలయన్స్) క్లబ్బుకి వెళ్తున్నానని మా అమ్మాయి చెప్పింది. ఎల్‌జీబీటీక్యూ (గే, లెస్బియన్, ట్రాన్స్ వగైరా) పిల్లలకి తోడుగా ఉండే క్లబ్బట. అంతకు మించి తను చెప్పలేదు, మేం అడగలేదు. మా ఆవిడకి టెన్షన్. స్కూలుకెళ్ళి కనుక్కోవచ్చా? రేపు పీఆర్‌కి (పర్మనెంట్ రెసిడెన్సీకి) ఇబ్బందా?

మిస్సిసాగా_పద్మక్క: తమ్ముడూ, స్కూలుకెళ్ళి ఆరా తీయకండి. తనంతట తను చెప్పిన పిల్ల, మీరు వెనకాల వాకబు చేశారని తెలిస్తే మళ్ళీ ఏదీ చెప్పదు. మావాడు స్ట్రెయిటే (గే కాదు), స్నేహితుడి కోసం వెళ్ళేవాడు. లంచ్ తింటారు, కబుర్లాడతారు, ఫిబ్రవరిలో పింక్ షర్ట్ డేకి (బడిలో ఏడిపించడానికి వ్యతిరేకంగా జరిపే రోజు) పోస్టర్లు వేస్తారు. ఒక టీచర్ ఉంటారు.

మీ స్కూల్లో క్లబ్బు ముందే ఉంది, అదృష్టం. మావాడి స్కూల్లో లేదు. పెడతామంటే వైస్ ప్రిన్సిపల్ "ఆ పేరొద్దు, డైవర్సిటీ క్లబ్ అనండి" అన్నారు. పిల్లలు ఒప్పుకోకపోతే గది లేదన్నారు. గది దొరికాక టీచర్ లేరన్నారు. టీచర్ కూడా దొరికాక, అంటించిన పోస్టర్లు సాయంత్రానికల్లా పీకించారు. నేను వెళ్తే బెంచీ మీద కూర్చోబెట్టి "అపాయింట్‌మెంట్ ఉందా, ఐడీ ఉందా" అని ఒకటే ప్రశ్నలు. ఎడ్యుకేషన్ యాక్ట్ 303.1 సెక్షన్ ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. 2012లో బిల్ 13తో వచ్చింది. పిల్లలు గే-స్ట్రెయిట్ అలయన్స్ అని పేరు పెట్టుకుంటామంటే బోర్డు గానీ ప్రిన్సిపల్ గానీ కాదనకూడదు. క్యాథలిక్ బోర్డులకీ ఇదే రూలు. "పైవాళ్ళని అడుగుతా" అన్నారు. సూపరింటెండెంట్‌కి మెయిల్ కొడితే గానీ పని కాలేదు. ఏడాది చివర క్లబ్బు ఫొటోలో మధ్యన నించున్నది ఆయనే!

స్కార్‌బరో_మేష్టారు: పీఆర్ సంగతి నేను చెప్తా. ట్రాన్స్‌క్రిప్టులో కోర్సులు, క్రెడిట్ల లాంటివే ఉంటాయి, క్లబ్బులుండవు. పీఆర్ అప్లికేషన్‌లో సంఘాల గురించి అడిగే షెడ్యూల్ ఏ ఫారం 18 నిండినవాళ్ళకే. దానికంటే హైస్కూల్ డిప్లొమాకి 40 గంటల వాలంటీర్ పని కావాలి, ఇప్పుడే మొదలుపెట్టించండి. పన్నెండో గ్రేడులో పరుగులు పెట్టేవాళ్ళని ఏటా చూస్తున్నా.

ఫ్రిస్కో_సుబ్బారావు: టెక్సాస్‌లో ఈ గొడవే లేదు. ఎస్‌బీ 12 అనే రాష్ట్ర చట్టం వచ్చింది, 2025 సెప్టెంబర్ 1 నుంచి పబ్లిక్ స్కూళ్ళలో ఈ క్లబ్బులు బంద్. ఏ క్లబ్బుకైనా తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిందే. అదీ పద్ధతి.

మిస్సిసాగా_పద్మక్క: అన్నయ్యా, ఆయన అడిగింది బ్రాంప్టన్ గురించి. అయినా మీ దేశంలోనే 1984లో వచ్చిన ఈక్వల్ యాక్సెస్ యాక్ట్ ఉంది, క్లబ్బుల మధ్య స్కూలు తేడా చూపకూడదని. బైబిల్ క్లబ్బుల కోసం తెచ్చిన చట్టం, తర్వాత జీఎస్‌ఏలకీ అదే దిక్కయింది. ఎస్‌బీ 12 మీద కోర్టుకి కూడా ఎక్కారు.

ఫ్రిస్కో_సుబ్బారావు: కోర్టులు సరే. పిల్ల ఏ క్లబ్బులో ఉందో తండ్రికి తెలియక్కర్లేదా?

స్కార్‌బరో_మేష్టారు: తెలిసింది కదండీ, పిల్లే చెప్పింది. 2014లో యూబీసీ (బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ) వాళ్ళ అధ్యయనం ఒకటి వచ్చింది. మూడేళ్ళు పైబడి జీఎస్‌ఏ ఉన్న బడుల్లో ఆత్మహత్య ముప్పు తక్కువట, స్ట్రెయిట్ మగపిల్లల్లో కూడా. ఇది చదివి మాట్లాడండి.

కొత్తగా_బ్రాంప్టన్: థాంక్సండీ. లంచ్‌లో క్లబ్బుకెళ్తే ఆ గంటలు 40లోకి వస్తాయా?

స్కార్‌బరో_మేష్టారు: ఊరికే కూర్చుంటే రావు. ఏదైనా కార్యక్రమానికి పనిచేస్తే, లంచ్ టైం చెల్లుతుంది. ముందుగా గైడెన్స్ ఆఫీసులో అడగమనండి.

మిస్సిసాగా_పద్మక్క: మీ ఆవిణ్ణి ఆదివారం నాకు ఫోన్ చేయమనండి, నంబర్ విడిగా పంపాను. సుబ్బారావన్నయ్య టెక్సాస్ సంగతి వేరే పోస్టులో పెట్టుకుంటే అక్కడికొచ్చి మాట్లాడతా.