పేరు చదవగానే అడ్వాన్సు వాపస్: నల్గొండలో ముస్లింలకు కిరాయి ఇల్లు దొరకదా?

సూర్యాపేట భాయ్: ట్రాన్స్‌ఫర్ మీద నల్గొండ వచ్చి ఇల్లు వెతుకుతున్నా. హైదరాబాద్ రోడ్డు వైపు ఒక కాలనీలో టూలెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లా. ఓనర్ ఆంటీ బోరు మోటర్ స్విచ్ ఎక్కడుందో, నల్లా ఎప్పుడొస్తుందో, బండి ఎక్కడ పెట్టుకోవాలో అన్నీ చూపించింది. అడ్వాన్సు చేతిలో పెడితే లెక్కపెడుతూ "ఆధార్ జిరాక్స్ ఇయ్యి బిడ్డా" అంది. పేరు చదివింది. నోట్లు మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టి "మా ఇంట్ల పూజలుంటయి, నీచు వండనియ్యం" అంది. అప్పుడు వాళ్ల వంటింట్లోంచి బోటి కూర వాసన వస్తోంది. ఇది ఒక్క ఇంటి సంగతి కాదు, ఫోన్‌లో పేరు చెప్పగానే "ఇచ్చేసినం" అన్నవాళ్లు చాలామంది. ఇది తప్పో కాదో చెప్పండి.

గడియారం సెంటర్: ఇల్లు ఆమెది, ఇష్టం ఆమెది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల గురించి చెప్పింది కానీ సొంతింటి కిరాయి గురించి కాదు. 2005లో పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో తమవాళ్లకే ఇళ్లన్న రూల్‌ను సుప్రీంకోర్టు కూడా తప్పుపట్టలేదు. చట్టంలో లేని నేరాన్ని ఆమె మీద వేయకండి.

పానగల్లు: బోటి వండే ఇంట్లో నీచు వద్దనడం ఏందన్నా

గడియారం సెంటర్: నీచు అంటే ఆమె ఉద్దేశం పెద్దకూర. ఆ మాత్రం అర్థం కాదా?

సూర్యాపేట భాయ్: మేం ఏం తింటామో ఆమె అడగనే లేదన్నా. పేరు చదివింది, అంతే.

దేవరకొండ టీచర్: కోర్టులో నేరం కాకపోతే తప్పు కాకుండా పోతుందా సార్? నేను ఎస్సీని. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఇల్లు వెతుకుతుంటే మాకు కూడా ఇదే పూజగది, ఇదే నీచు చెప్పారు. పక్క పోర్షన్‌లో ఆదివారం కోడి కోస్తుంటే చూస్తూ బయటికొచ్చాం. కూర సాకు మాత్రమే, మీకూ తెలుసు.

గడియారం సెంటర్: మేడం, అన్యాయం అందరికీ జరిగింది. నేను బీసీ-డీ. 2008 డీఎస్సీలో కొద్దిలో పోయింది నాకు. నాకంటే తక్కువ మార్కులొచ్చిన వ్యక్తికి బీసీ-ఈలో, అంటే వెనుకబడిన ముస్లింల గ్రూపులో, పోస్టొచ్చింది. మా బీసీల నోటికాడి కూడు తీసి వాళ్లకు పెట్టారు. ఇప్పటికీ ప్రైవేటు స్కూల్లోనే చేస్తున్నా, నా బాధ గురించి ఎవరు చర్చ పెట్టారు?

దేవరకొండ టీచర్: మీ పోస్టు పోయినందుకు బాధగానే ఉంది. కానీ లెక్క మీరు చెప్పినట్టు లేదు. ఈ గ్రూపు పెట్టిన 2007 చట్టం వచ్చినా బీసీ ఏ, బీ, సీ, డీలకున్న 25 శాతం అలాగే ఉంది, మీ డీ గ్రూపు 7 శాతం అలాగే ఉంది. ఈ గ్రూపుకు 4 శాతం పైన కలిపితే బీసీలది 29 అయింది. అప్పటి ఎస్సీ 15, ఎస్టీ 6 కలిపి మొత్తం 50. తగ్గింది ఓపెన్‌లో. పైగా అది ముస్లింలందరికీ కాదు, సయ్యద్‌లు, పఠాన్‌లు అందులో లేరు. 2010లో హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తోంది.

గడియారం సెంటర్: ఓపెన్‌లో తగ్గితే మాకు తగ్గినట్టు కాదా? ఓపెన్‌లో మా బీసీలు పోటీ పడరా?

దేవరకొండ టీచర్: పడతారు, కాదనను. కానీ మీరు ముందన్నది కోటాలోంచి తీశారని.

పాలమూరు లేబర్: టీవీలు చేసిన పని గుర్తుందా? 2020 మార్చిలో, ఢిల్లీ తబ్లిగీ జమాత్ సభ వల్లే కరోనా వ్యాపించిందని రాత్రింబవళ్లు చూపించారు. మా బస్తీలో బత్తాయి బండి పెట్టే ఆయనను, ముందు పేరడిగి ఆ తర్వాత కొనకుండా పోయేవాళ్లు. సరుకు బండి మీదే కుళ్లిపోయింది. తబ్లిగీకి వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ చెప్పింది, ఆ వార్త ఎన్ని చానళ్లు అంతసేపు చూపించాయి?

గడియారం సెంటర్: టీవీ సంగతి వదిలేయండి. మా తాత ఇల్లు రజాకార్లు తగలబెట్టారు, అది టీవీలో చూసింది కాదు. మా నాయనమ్మ పసిపిల్లను ఎత్తుకుని జొన్నచేలో దాక్కుంది. ఈ జిల్లాలో ఏ ఊరినైనా అడగండి. ఆ భయం మా ఇళ్లలో ఉంది, మీరు లేదనమంటే పోదు.

దేవరకొండ టీచర్: లేదని ఎవరన్నారు? రజాకార్లను ఎదిరించి రాసినందుకే పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపారు, ఆయన ముస్లిం. కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను 1952 ఉపఎన్నికలో మన హుజూర్‌నగర్ జనమే గెలిపించారు. పోలీసు చర్య రోజుల్లో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది, వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. జొన్నచేలలో వాళ్ల నాయనమ్మలు కూడా దాక్కున్నారు సార్.

సూర్యాపేట భాయ్: టీచర్ గారూ, మీరు నా తరఫునే మాట్లాడుతున్నారు, కానీ ఒక్కమాట. నాకు ఇల్లు ఇవ్వాలంటే షోయబుల్లాఖాన్ ఎందుకు? ఆయన గొప్పవాడు, నేను మామూలోణ్ణి, 1990లో పుట్టా, పొద్దున ఆఫీసుకు పోయి రాత్రి వస్తా. మంచి ముస్లింలు ఉన్నారని మీరు లిస్టు చదువుతుంటే, నేను ఆ లిస్టులో ఉన్నానా లేనా అని అవతలి ఆయన చూస్తారు. ఆ పరీక్షే నాకు వద్దు. కిరాయి టైముకు కడతానా, ఇల్లు పాడు చేస్తానా, అందరినీ అడిగినట్టు నన్నూ అంతే అడగాలి.

దేవరకొండ టీచర్: చరిత్రను అబద్ధంగా చెబుతుంటే జవాబివ్వకుండా ఎట్లా ఉండాలి భాయ్? ఊరుకుంటే అదే నిజమవుతుంది.

పానగల్లు: గడియారం అన్నా, మీకు కిరాయికిచ్చే ఇల్లుందా? సూటిగా చెప్పండి.

గడియారం సెంటర్: ఉంది, పైన రెండు పోర్షన్లు. పోయినేడు ఒక ముస్లిం ఫ్యామిలీ వచ్చింది, మంచిగానే మాట్లాడారు. పక్క పోర్షన్ వాళ్లు "వాళ్లకిస్తే మేం ఖాళీ చేస్తం" అన్నారు. ఆ రెండు కిరాయిల మీదే నా బ్యాంకు లోన్ నడుస్తోంది. కాలనీలో అందరూ పాటిస్తున్నప్పుడు నేనొక్కణ్ణే ఇచ్చి అందరితో మాట పడాలా? నా పిల్లకు సంబంధాలు చూస్తున్నా. మీరైతే ఏం చేసేవాళ్లో చెప్పండి.

సూర్యాపేట భాయ్: అంటే డీఎస్సీ కాదు, రజాకార్లు కాదు, పెద్దకూర కాదు, పక్కింటివాళ్లు. ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదన్నా. ఆ కిరాయిదార్లు నిజంగా ఖాళీ చేసేవాళ్లా, ఊరికే బెదిరించారా, ఒక్కసారైనా అడిగారా?

గడియారం సెంటర్: అడిగి గొడవ పెట్టుకోలేను. నా ఇబ్బంది నాది.

సూర్యాపేట భాయ్: ఆ పోర్షన్ ఇప్పుడు ఖాళీగా ఉందా? నిజంగానే అడుగుతున్నా. కిరాయి ఎంత?