ఆవిరి ఇంజన్లు పవర్‌హౌస్‌కి బొగ్గు మోయడం చూసినవాళ్ళున్నారా?

ఖని పోరడు:
మొన్న రామగుండంలో మా తాత ఇల్లు విప్పుతుంటే అటక మీద ఒక పార దొరికింది. ఆకు పెద్దది, లోతుగా ఉంది. పిడి మాత్రం మూరెడే. మట్టి పనికి పనికిరాదు. మా బాపు ఏమో "అది రైలింజన్ పార, బీ పవర్‌హౌస్‌కి బొగ్గు తెచ్చే బండిది" అంటున్నాడు. నాకు నమ్మకం లేదు. రామగుండం బీ స్టేషన్ మొదలైందే 1971లో. అప్పటికి డీజిల్ ఇంజన్లు వచ్చేశాయి కదా? నేను పుట్టినప్పటి నుంచి చూసినవి ఎన్టీపీసీ హాపర్ బండ్లే (అడుగు తలుపులు తెరిస్తే బొగ్గు కిందికి జారే వ్యాగన్లు), వాటికీ డీజిలే. ఎవరికైనా తెలుసా?

షెడ్డు తాత:
డీజిల్ వచ్చింది నిజమే, కానీ ముందు మెయిళ్ళకీ ఎక్స్‌ప్రెస్‌లకీ ఇచ్చారు. బొగ్గు గూడ్సులకీ యార్డు షంటింగుకీ మిగిలింది మేమే. నేను 1972లో బెల్లంపల్లి షెడ్డులో క్లీనర్‌గా చేరాను. తర్వాత సెకండ్ ఫైర్‌మన్, ఆ తర్వాత ఫస్ట్ ఫైర్‌మన్. నాకు తెలిసిన ఇంజన్ డబ్ల్యూజీ. చిత్తరంజన్‌లో 1950 నుంచి 1970 దాకా కట్టారు. కట్టిన చివరి దాని పేరే అంతిమ్ సితార. ఎనిమిది నడిపే చక్రాలు, ముందు రెండు, వెనక రెండు.

రాత్రి రెండింటికి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. పుస్తకంలో సంతకం పెట్టించుకునే దాకా కదిలేవాడు కాదు. ఇంజన్ మీద ముగ్గురం. డ్రైవర్ సంగతి చెప్పేదేముంది, ఆయన మాటే శాసనం. సెకండ్ ఫైర్‌మన్ టెండర్‌లో, అంటే ఇంజన్ వెనక బొగ్గు పెట్టెలో, పెళ్ళలు పగలగొట్టి ముందుకు తోస్తాడు. ఫస్ట్ ఫైర్‌మన్ మంట చూసుకుంటాడు. బొగ్గు గుమ్మరిస్తే మంట కాదు తమ్ముడూ. ముందు పలచగా, వెనక మూలల్లో కాస్త మందంగా పరవాలి. ఒక పార వేసి తలుపు మూసి, పొగ చూసి మళ్ళీ వేయాలి. గొట్టంలోంచి నల్లపొగ వచ్చిందంటే డ్రైవర్ నా వైపు ఒక చూపు చూసేవాడు, అంతే. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు 210 దగ్గర నిలబడాలి.

మన బొగ్గులో బూడిద ఎక్కువ. అది కరిగి పొయ్యి అడుగు జాలీకి పట్టేసి గట్టిపడుతుంది, దాన్ని క్లింకర్ అంటాం. గాలి ఆడదు, ముల్లు కిందికి దిగుతుంది. వెనకేమో నిండు బండి. అప్పుడు జాలీ ఊపాలి, లొంగకపోతే పొడుగాటి ఇనుప ఊచతో కుళ్ళగించాలి. నా కుడి మోచేతి మీద మచ్చ అలా వచ్చిందే. వానాకాలంలో పట్టాలు తడిస్తే నిండు బండి కదలదు, చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతాయి. పట్టాల మీద ఇసుక వదిలి, ఆవిరి వదిలే రెగ్యులేటర్ వెంట్రుకవాసి తీస్తూ కదిలించాలి. మంచిర్యాల దాటి గోదావరి బ్రిడ్జి మీదికి వస్తేనే కాస్త గాలి పీల్చుకునేవాళ్ళం.

ఒక తమాషా చెప్తాను. మా టెండర్‌లో ఉండేది పెళ్ళ బొగ్గు, బాయిలో, అంటే గనిలో, స్టీమ్ బొగ్గు అనేవాళ్ళు. పవర్‌హౌస్‌కి పోయేది ఎక్కువగా స్లాక్, అంటే పొడి. వాళ్ళు ఎలాగూ మరలో పిండి చేసి ఊదుతారు. మంచిది మేము తిని, పొడి వాళ్ళకి మోసిపెట్టేవాళ్ళం.

బూడిద గుంట:
తాతగారూ దండాలు. మంచి బొగ్గు తిన్నా ఇంజన్‌కి ఒంటబట్టేది తక్కువే. వంద పాళ్ళ వేడిలో ఆరేడు పాళ్ళే లాగుడుకి దక్కేది. ఆ కాలం పవర్‌హౌస్‌కి ముప్పై దాకా దక్కేది.

పోరడు "హాపర్" అన్నాడు కాబట్టి చెప్తున్నా. నేను బొగ్గు దించే విభాగంలో ఇరవై ఏళ్ళు చేశాను. పాత రోజుల్లో వచ్చినవి హాపర్లు కావు, పైన తెరిచి ఉండే వ్యాగన్లు. నాలుగు చక్రాలవి అయితే ఇరవై రెండు టన్నులు, తర్వాతి బాక్స్ వ్యాగన్ యాభై అయిదు. వాటిని పారలతో దించాలి, లేదా టిప్లర్ మీద ఎక్కించి బోర్లించాలి. బీ స్టేషన్ 62.5 మెగావాట్లు. ఒక యూనిట్ కరెంటుకి ముప్పావు కిలో బొగ్గు కంటే కొంచెం తక్కువ వేసుకున్నా రోజుకి వెయ్యి టన్నుల పైన. అంటే పాత వ్యాగన్లు దాదాపు యాభై, బాక్స్ అయితే పంతొమ్మిదో ఇరవయ్యో. రోజుకో బండి చాలు. అందుకే ఆవిరితో నడిచింది.

ఎన్టీపీసీ కథ వేరు. మొదటి యూనిట్ 1983లో వచ్చింది, ఇప్పుడు పాత యూనిట్లే 2600 మెగావాట్లు. అదే లెక్కన పూర్తి లోడు మీద రోజుకి నలభై వేల టన్నులు దాటుతుంది. పారలతో అయ్యే పని కాదు. అందుకే గని నుంచి ప్లాంటుకి సొంత లైను, ఆగకుండా తిరిగే బండ్లు. ట్రాక్ కింద గోతులుంటాయి, వాటి మీద బండి నత్తలా పాకుతుంటే గాలి ఒత్తిడితో వ్యాగన్ అడుగు తలుపులు తెరుచుకుంటాయి. బ్రిటన్‌లో 1960ల మధ్యలో మొదలైన పద్ధతి ఇది. అక్కడా దీనికి డీజిలే పెట్టారు.

వియన్నా తెలుగోడు:
చిన్న సవరణ. ఆవిరి ఇంజన్, హాపర్ బండి కలిసి నడిచిన చోటు ఉంది: ఇంగ్లండ్ ఈశాన్య మూల. అక్కడ అడుగు తలుపుల వ్యాగన్లు పాత అలవాటే. బ్లైత్ వైపు గనుల నుంచి జే27 అనే ఆరు చక్రాల ముసలి ఇంజన్లు 1967 దాకా లాగాయి.

ఇంకా దగ్గరి కాలం కావాలంటే బోస్నియా. నేను 2016లో తుజ్లా దగ్గర క్రెకా గనులకి వెళ్ళాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు కట్టిన ఇంజన్ సైడింగ్‌లో బొగ్గు వ్యాగన్లు లాగుతోంది. టూరిస్టుల కోసం కాదు, ఉద్యోగమే! చుట్టూ ఫొటోలు తీసేవాళ్ళం ఉంటే డ్రైవర్ మాత్రం విసుగ్గా సిగరెట్ కాలుస్తున్నాడు.

పాల్వంచ సరోజ:
మీకందరికీ ఇంజన్లే. మా అమ్మకి గుర్తున్నది ఆరేసిన బట్టలు. కొత్తగూడెంలో (స్టేషన్ బోర్డు మీద ఇప్పటికీ భద్రాచలం రోడ్ అనే ఉంటుంది, కొత్తవాళ్ళు దిగి గుడి ఎటని అడుగుతారు) లైను పక్క క్వార్టర్. పాల్వంచ పవర్‌హౌస్ 1966లో మొదలైంది, ఆ ఏటే పెళ్ళయి వచ్చింది. కూత వినబడగానే దండెం మీది తెల్లబట్టలు లోపలికి లాగేదట. నాన్న పంచె మీద నిప్పురవ్వ పడి చిల్లులు పడ్డాయని ఇప్పటికీ చెప్తుంది.

మేం పిల్లలం గంపలు పట్టుకుని పట్టాల వెంట రాలిన బొగ్గు ఏరేవాళ్ళం. పొడి దొరికితే పేడ కలిపి ఉండలు చేసి ఎండబెట్టేది అమ్మ. కుంపటికి ఆ ఉండలే. ఒక్కోసారి టెండర్ మీద నిలబడ్డాయన ఒక పెళ్ళ కాలితో తన్నేవాడు, మా కోసమే అనుకునేవాళ్ళం.

షెడ్డు తాత:
మీ కోసమే తల్లీ. రాతలో మాత్రం ఎక్కడా ఉండదు.

ఖని పోరడు:
బాపుకి అన్నీ చదివి వినిపించాను. తాత ఇంజన్ మీద పని చేయలేదట, యార్డులో కూలీ అట. మరి పార ఎలా వచ్చిందంటే నవ్వి ఊరుకున్నాడు. తాతా, ఇది నిజంగా ఇంజన్ పారేనా? ఆకు ముందు అంచు ఎడమ వైపు బాగా అరిగిపోయింది.

షెడ్డు తాత:
పిడి మూరెడంటే ఇంజన్‌దే. టెండర్‌కీ పొయ్యికీ మధ్య పొడుగు పిడి తిప్పుకునే చోటుండదు. అంచు అరిగింది పొయ్యి తలుపు చట్రానికి తగిలి తగిలి. ఎవరో ఒక వైపు నుంచే వేసిన చెయ్యి అది. షెడ్డు సామాను లెక్క ఎప్పుడో మూసేశారు, ఇంట్లోనే ఉంచుకో. నూనె రాస్తూ ఉండు, లేకపోతే తుప్పు పడుతుంది.